ఎదుటి మనిషి ఉంటేనే పుట్టే సిగ్గు

హాంకాంగ్ చూసి వెళ్లిన ఒక తెలుగాయన రాసిన ప్రయాణ వ్యాసం ఈ మధ్య చదివాను. ట్రాముల గురించి, ఓడరేవు గురించి, తిండి గురించి శ్రద్ధగా రాశారు. భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో తేల్చేశారు. కాంటనీస్ ఎక్కడ విన్నా ఇద్దరు తగువు పడుతున్నట్టే ఉంటుందట, మెత్తని భావాలు పలకడానికి ఆ భాషలో మాటలున్నాయా అని ఆయనకు అనుమానం వచ్చిందట. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటున్నదాన్ని. ఆ భాషలో కూరగాయలు బేరమాడతాను, పొరుగువాళ్లతో కష్టసుఖాలు చెప్పుకుంటాను. ఆ వాక్యం నన్ను చాలాసేపు వదల్లేదు.

ఈ మాట ఆయనొక్కరిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఉత్తర చైనా నుంచి వచ్చినవాళ్లూ ఇదే అంటారు, ఇక్కడి మన భారతీయుల్లో చాలామందీ ఇదే అంటారు. అలా వినిపించడానికి కారణాలు లేకపోలేదు. కాంటనీస్‌కు ఆరు స్వరస్థాయులు ఉన్నాయి, గొంతు స్థాయి మారితే మాట అర్థమే మారిపోతుంది. పైగా చాలా పదాలు ప్, త్, క్ అనే హల్లుల దగ్గర ఠక్కున ఆగిపోతాయి. ఒకటి అంటే యత్, ఆరు అంటే లుక్, ఎనిమిది అంటే బాత్, పది అంటే సప్. మధ్యయుగాల చైనీస్‌లో ఉన్న ఆ హల్లు చివరలను చైనా అధికార భాష మాండరిన్ వదిలేసింది, కాంటనీస్ దాచుకుంది. దాదాపు ప్రతి పదాన్నీ అచ్చుతో ముగించే అలవాటున్న తెలుగు చెవికి ఆ విరుపు మరీ కటువుగా తగులుతుంది. దానికి తోడు కొత్తవాళ్లు ఈ భాషను మొదట వినేది చేపల బజారులోనో, చా చాన్ తెంగ్ అనే ఇరుకు ఫలహారశాలల్లోనో. అక్కడ వడ్డించేవాళ్లకు మర్యాదలకు తీరిక ఉండదు.

అయితే చెవికి కటువుగా ఉన్నంత మాత్రాన భాష మొరటుదని తీర్మానించడం అన్యాయం. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాంటనీస్ అత్యంత సున్నితంగా పనిచేసే చోటు సిగ్గు, బిడియం, మొహమాటాలకు సంబంధించిన మాటల్లోనే ఉంది. ఆ మాటలు సిగ్గును మనిషి స్వభావంలోని లోపంగా చూడవు. ఇద్దరు మనుషుల మధ్య ఆ క్షణంలో జరిగే సంగతిగా చూస్తాయి. ఈ తేడా చిన్నది కాదని నా నమ్మకం.

పా చౌ

సిగ్గుపడటానికి వాడుకలో ఉన్న మాట పా చౌ. పా అంటే భయపడటం. చౌ అంటే వికారం, అందవిహీనం. అప్రతిష్ఠ, సిగ్గుచేటు అనే అర్థాలు కూడా ప్రాచీన కాలం నుంచే ఆ పదానికి ఉన్నాయి. మన వికారం బయటపడి నలుగురి కంట పడుతుందేమో అనే భయమన్నమాట. చూసే కన్ను లేకపోతే ఈ భయం పుట్టదు. నిర్జనమైన గదిలో ఎవరూ పా చౌ పడరు.

ఇది క్రియ, కర్మ కలిసిన మాట. వాడుకలో దాన్ని మధ్యకు విడదీస్తారు కూడా. సిగ్గుపడుతున్న వాడి భుజం తట్టి "పా మత్ చౌ జే" అంటారు. "ఏ సిగ్గుకు భయపడుతున్నావురా?" అని అడగడం అది. భయపడటం ఒక పని కాబట్టి దాన్ని ఆపమని అడగవచ్చు. "మ్ సయ్ పా చౌ", అంటే సిగ్గుపడనక్కర్లేదు అని చెప్పవచ్చు. వచ్చిన భయం మళ్లీ పోతుంది, ఒకరి ముందు ఉన్నది ఇంకొకరి ముందు ఉండదు. "వాడు సిగ్గరి" అని ముద్ర వేసేయడానికీ దీనికీ దూరం ఎంతో ఉంది. పా చౌ జై అనే మాట, అంటే సిగ్గుపడే కుర్రవాడు అనేది కాంటనీస్‌లోనూ ఉంది, కాదనను. కానీ రోజూ నా చెవిన పడేది క్రియగానే.

మా భవనంలో పై అంతస్తులో ఉండే ఒకావిడ చిన్న కొడుకుతో తరచూ లిఫ్టులో కలుస్తుంది. వాడు నన్ను చూడగానే తల్లి కాళ్ల వెనక్కి వెళ్లి నక్కుతాడు. ఆవిడ ప్రతిసారీ రెండు మాటలు అంటుంది. మొదటిది వాడితో: "గియూ యన్!" మనిషిని పిలువు అని దాని అర్థం. పెద్దవాళ్లు ఎదురుపడితే పిల్లలు వరుస పెట్టి పిలవాలి. పిన్ని అనో, మామయ్య అనో, తాతయ్య అనో. మన ఇళ్లలో "అత్తయ్యకు నమస్కారం పెట్టు" అని పిల్లల వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసినట్టే. రెండో మాట నాతో: "ఖోయ్ పా చౌ జే." వీడికి సిగ్గు, అంతే. చివర ఉన్న ఆ "జే" అనే చిన్న ప్రత్యయం మొత్తం సంగతిని తేలిక చేసేస్తుంది. అదేమీ పెద్ద విషయం కాదు, మీరు మరోలా అనుకోకండి అని నాకు చెబుతూనే, నిన్ను ఎవరూ తప్పు పట్టడం లేదని వాడికీ చెబుతుంది.

ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో రావడం నాకు గొప్పగా అనిపిస్తుంది. పిల్లవాడిని మర్యాద నుంచి తప్పించరు, పిలవాల్సిందే. సిగ్గుపడినందుకు వాడిని చిన్నబుచ్చరు కూడా. లిఫ్టు పది అంతస్తులు దిగేలోపు వాడు ఎప్పుడో నెమ్మదిగా "ఆంటీ" అంటాడు. ఒక్కోసారి అనడు. తల్లి రెట్టించదు.

ముట్టుకుంటే ఆకులు ముడుచుకునే అత్తిపత్తి మొక్క ఇక్కడి కొండదారుల వెంట కనిపిస్తుంది. దాని పేరు పా చౌ చో. సిగ్గుపడే గడ్డి. అది ఆసియా మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి ఓడల కాలంలో వచ్చింది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికి పెట్టిన లాటిన్ పేరులోనూ సిగ్గరి అనే అర్థమే ఉంది. గ్రంథ చైనీస్‌లో దాని పేరు హమ్ సౌ చో, సిగ్గును లోపల దాచుకున్న గడ్డి. నాకు కాంటనీస్ పేరే ఎక్కువ సరైనదిగా తోస్తుంది. ఆ మొక్క సిగ్గును లోపల ఎక్కడా దాచుకోదు. ఒక చెయ్యి తాకినప్పుడు మాత్రమే ముడుచుకుంటుంది, ఆ చెయ్యి పోయాక మళ్లీ విచ్చుకుంటుంది.

మొహం, దాని తొక్క, దాని రంగు

సిగ్గు మొహానికి సంబంధించినదని తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహమాటంలో మొహం ఉంది. మొహం చెల్లక, ఏ మొహం పెట్టుకుని అడగను అని రోజూ అంటూనే ఉంటాం. కాంటనీస్‌లో ఈ రంగంలో జరిగిన పని చాలా సూక్ష్మమైనది.

మొహానికి మాట మిన్. శరీరంలో భాగమైన మొహం గురించి చెప్పేటప్పుడు దాన్ని అడుగు స్థాయిలో పలుకుతారు. మిన్ హుంగ్ అంటే మొహం ఎర్రబడటం. పరువు, గౌరవం అనే అర్థంలో అదే మాటను కింది నుంచి పైకి లేచే స్వరంలో పలుకుతారు. మో మిన్ అంటే పరువు పోవడం, బేయ్ మిన్ అంటే ఎదుటివాడికి గౌరవం ఇవ్వడం. అక్షరం ఒకటే, రాతలో తేడా కనబడదు, గొంతులో మాత్రమే తెలుస్తుంది. చైనీస్ సమాజంలో మొహం అనే భావన మీద హూ షియన్-చిన్ అనే మానవశాస్త్రవేత్త 1944లో రాసిన వ్యాసం చాలా పేరుపొందింది. మాండరిన్‌లో మొహానికి ఉన్న రెండు పదాలను పట్టుకుని, నీతికి సంబంధించిన పరువు వేరు, హోదాకు సంబంధించిన పరువు వేరు అని ఆవిడ విడదీసి చూపించింది. కాంటనీస్ వాడుక ఆ దారిలో పోలేదు. ఒకే పదం పెట్టుకుని, స్వరం మార్చి, చర్మం ఉన్న మొహాన్నీ సమాజం ఇచ్చిన మొహాన్నీ వేరు చేసింది. మొదటిది ఎర్రబడుతుంది, రెండోది పోతుంది.

తొందరగా సిగ్గుపడేవాళ్లను మిన్ పేయ్ బోక్ అంటారు. మొహం తొక్క పలచన అని. దేనికీ జంకనివాళ్లు హౌ మిన్ పేయ్, మొహం తొక్క మందం. ఇది తిట్టు. పలచన అనేది తిట్టు కాదన్నది గమనించాలి. అమ్మాయికో అబ్బాయికో సంబంధం చూసేటప్పుడు "మిన్ పేయ్ బోక్" అంటే కొంచెం జాలి, కొంచెం మెచ్చుకోలు కలిసి వినిపిస్తాయి. తొక్క పలచగా ఉంటే అవతలివాళ్ల మాట లోపలికి తొందరగా దిగుతుంది, అంతకుమించి దోషమేమీ లేదు.

మొహం కందగడ్డలా మారినప్పుడు అనే మాట మరొకటి ఉంది: హుంగ్ దో మిన్ సాయ్. దాని పదక్రమం వ్యాకరణాన్ని తలకిందులు చేస్తుంది. ఎరుపు ముందు వస్తుంది, మొహం తరువాత వస్తుంది, మొత్తం అనే మాట చివర వస్తుంది. ఎరుపు వచ్చేసింది, మొహం అనేది మిగల్లేదు అన్నట్టు ఉంటుంది. సిగ్గు ముంచుకొచ్చినప్పుడు మనిషికి కలిగే తబ్బిబ్బును వాక్యమే అనుభవిస్తున్నట్టు అనిపించి, నేను మొదటిసారి విన్నప్పుడు ఎంతో సంతోషించాను.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది యూ అనే కుర్రకారు మాట. పెదవులు సున్నాలా చుట్టి పలకాలి. వైద్యంలో దాని అర్థం కమిలిన నెత్తురు. దెబ్బ తగిలితే చర్మం కింద నల్లబడే మచ్చ. నలుగురిలో జారిపడ్డప్పుడు, రాసిన సందేశం పొరపాటున వేరేవాళ్లకు వెళ్లినప్పుడు, "హో యూ!" అంటారు. చాలా కమిలింది అని. అవమానం పైకి నెత్తురు చిందించదు, రెండు రోజులు లోపల నల్లగా ఉంటుంది, నొక్కితే నొప్పి తెలుస్తుంది. ఈ మాట కనిపెట్టినవాళ్లు ఎవరో గాని వాళ్లను మొరటు భాష మాట్లాడేవాళ్లు అనడానికి నాకు నోరు రాదు.

అడగడంలోని బిడియం

మన ఇళ్లలో తాతలు పిల్లల విస్తట్లో ఇంకో గరిటె వడ్డిస్తూ చెప్పే సుభాషితం ఒకటుంది. ఆహారంలోనూ వ్యవహారంలోనూ సిగ్గు వదిలేసినవాడే సుఖపడతాడని. కాంటనీస్ సరిగ్గా ఆ రెండు చోట్లే బిడియాన్ని తెచ్చి కూర్చోబెట్టింది.

సాయం అడగడానికీ, చేసిన సాయానికి కృతజ్ఞత చెప్పడానికీ ఒకే మాట: మ్ గోయ్. "తగదు" అని దాని అక్షరార్థం. మీరు నా కోసం ఇది చేయడం తగదు, అయినా చేశారు. బహుమతి ఇచ్చినా, మెచ్చుకున్నా చెప్పేది వేరు, దో జే అనాలి. కొత్త సంవత్సరానికి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇస్తే దో జే, తలుపు పట్టుకుని ఆగితే మ్ గోయ్. ఎదుటివాళ్లు ఇచ్చింది వస్తువా, శ్రమా అని ప్రతిసారీ ఆలోచించుకుని నోరు తెరవాలి. శ్రమ అయితే కొంచెం సంకోచం కలిపి చెప్పాలి.

రైలు పెట్టెలో దారి కావాలంటే "మ్ గోయ్ జే జే" అంటారు. జే అంటే ఇక్కడ అప్పు. కొంచెం దారి అప్పివ్వండి అని. ఒకరిని ఆపి ఏదైనా అడగాలంటే "మిమ్మల్ని కాసేపు అడ్డగిస్తున్నాను" అని మొదలుపెడతారు. పని అయ్యాక "మా ఫాన్ సాయ్", మిమ్మల్ని పూర్తిగా ఇబ్బంది పెట్టాను అంటారు.

ఇక మ్ హో యీ సీ. దీన్ని నేను తెలుగులో మొహమాటం అని చెబుతాను, ఇంతకన్నా దగ్గరి మాట ఇంకో భాషలో దొరుకుతుందని అనుకోను. చిన్న పొరపాటుకు క్షమాపణగా ఇదే మాట వాడతారు. పెద్ద తప్పుకు దోయ్ మ్ జ్యూ అని వేరే మాట ఉంది. అంతేకాదు, ఎవరైనా ఎక్కువ మర్యాద చేస్తే కలిగే ఇబ్బందికీ మ్ హో యీ సీ అనే అంటారు. డబ్బు తిరిగి అడగలేకపోవడానికి, వచ్చిన చుట్టాన్ని వెళ్లమనలేకపోవడానికి, మెచ్చుకుంటుంటే ఎటు చూడాలో తెలియకపోవడానికి కూడా ఇదే. ఎదుటివాడికి కలిగే చిన్న అసౌకర్యాన్ని వాడికన్నా ముందు మనం అనుభవించడం. అదే ఈ మాటలన్నిటికీ మూలం అని నేననుకుంటాను.

ఆదివారం పొద్దున్న డిమ్ సమ్ అనే ఫలహారం తినడానికి పొరుగువాళ్లు నన్ను తీసుకెళ్తారు. పెద్ద గుండ్రటి బల్ల. ఎవరైనా టీ పోస్తే తాగేవాళ్లు రెండు వేళ్లతో బల్లను తడతారు. కబుర్లు ఆపక్కర్లేదు, కృతజ్ఞత చెప్పినట్టే. రొయ్యల కుడుముల బుట్టలో చివరిది ఒకటి మిగులుతుంది. అందరికీ కావాలి, ఎవరూ తీసుకోరు. చివరికి పెద్దావిడ దాన్ని పుల్లలతో ఎత్తి నా గిన్నెలో పడేసి "మ్ సయ్ హాక్ హేయ్", మొహమాటపడకు అంటుంది. డబ్బు కట్టే దగ్గర మాత్రం అందరికీ గొంతులు లేస్తాయి. నేనంటే నేనని బిల్లు లాక్కుంటారు. బయటి నుంచి చూసేవాడికి అదే తగువులా కనిపిస్తుంది. ఆ అరుపుల్లోని ఒక్క మాట అర్థమైనా అది ఎంత గాఢమైన మొహమాటమో తెలిసేది.

మెచ్చుకుంటే జవాబు "బిన్ యౌ ఆ". ఎక్కడుంది అది? మీరన్న గొప్పతనం నాలో ఎక్కడుంది అని. మన "అబ్బే, అంత లేదండీ" గుర్తుకొస్తుంది. పాట పాడమంటే లేచి నిలబడి "హిన్ చౌ" అంటారు. నా వికారాన్ని సమర్పిస్తున్నాను అని. పా చౌలో ఉన్న చౌ అదే. దాన్ని చూసి భయపడే మనిషే నలుగురి ముందు దాన్ని చేతుల్లో పెట్టి ఇస్తున్నాడు. పాడటం బాగా వచ్చినవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటారు, వినేవాళ్లకూ అది తెలుసు. దీన్ని కపటం అనేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. పాడబోయే ముందు గొంతులో వణుకు ఎవరికైనా ఉంటుంది. దానికి భాష ఒక ఊతకర్ర ఇచ్చింది.

సిగ్గును ఆయుధంగా వాడటం

ఇంతవరకూ నేను చెప్పిందంతా ఒక పక్క. రెండో పక్క చూపించకపోతే నా వాదన నిలబడదు.

ఎదుటి మనిషి చూపు మీద కట్టిన సిగ్గు ఆ ఎదుటి మనిషి చేతిలో ఆయుధం కాగలదు. "మ్ జీ చౌ", సిగ్గు తెలియదు అనేది చాలా పదునైన తిట్టు. ఆడపిల్లలు గట్టిగా నవ్వితే, పొట్టి బట్టలు వేసుకుంటే, ఒకప్పుడు ఎంత తేలిగ్గా అనేసేవారో మా బజారులో కూరలమ్మే పెద్దావిడ నాకు చెప్పింది. ఏడుస్తున్న పిల్లవాడి ఎదుట నిలబడి చూపుడు వేలితో తమ చెంప గీరుకుంటూ "సౌ గా" అని ఏడిపించడం ఇప్పటికీ చూస్తాను. ఇంటి చౌ గడప దాటకూడదనే నానుడి పాతది. ఆ నానుడి మాటున ఎన్ని ఇళ్లలో ఎన్ని దెబ్బలు దాగిపోయాయో ఊహించగలం. మన వైపు "నలుగురు ఏమనుకుంటారు" చేసిన పని అక్కడ చౌ చేసింది. ఒక మాట అందంగా ఉందని దాని చేత జరిగిన చెడును మరిచిపోకూడదు.

అయినా ఈ ఆయుధాన్ని చూసి సిగ్గు మొత్తాన్నీ పారేయమనడం నాకు సమ్మతం కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో చైనా తత్వవేత్త మెన్షియస్ సిగ్గుపడే మనసును ధర్మానికి మొలక అన్నాడు. అది లేనివాడు మనిషే కాదన్నాడు. సౌ గాలోని సౌ ఆయన వాడిన మాటే. ఒకే మాట ఒక చోట మనిషిని నిలబెడుతుంది, ఇంకో చోట అణగదొక్కుతుంది. తేడా ఎక్కడుంది? నా సిగ్గు నేను పడితే అది మొలక. నీకు సిగ్గులేదని వేలు చూపిస్తే అది కర్ర. పా చౌ, మ్ హో యీ సీ, హిన్ చౌ వంటి మాటలు మనిషి సాధారణంగా తన గురించి చెప్పుకునేవి. మ్ జీ చౌ, సౌ గా ఇతరుల మీద వేసేవి. కాంటనీస్‌లో మొదటి రకం విస్తారంగా ఉంది, రోజుకు వందసార్లు నోట పలుకుతుంది. నా అభిమానం దాని మీదే.

ఇంకో సందేహం కూడా నన్ను పీడిస్తూ ఉంటుంది. మాటలు ఉన్నంత మాత్రాన మనుషులు అలా ఉంటారా? ఉండరు. షాంఘైలో బడిపిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి ఉంది. షిన్‌యిన్ చెన్, ఆయన సహచరులు 1990, 1998, 2002 సంవత్సరాల్లో మూడు వేర్వేరు బృందాల పిల్లలను పరిశీలించి, ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. 1990లో సిగ్గరి పిల్లలను తోటివాళ్లు ఇష్టపడేవారు, ఉపాధ్యాయులు మెచ్చుకునేవారు. 2002 నాటికి అది తలకిందులైంది. సిగ్గుపడే పిల్లలను తోటివాళ్లు దూరం పెట్టడం మొదలైంది. పన్నెండేళ్లలో భాష మారలేదు, మార్కెట్టు వచ్చింది, ముందుకు తోసుకురాగలవాడే బతకగలడనే నమ్మకం వచ్చింది. అది కాంటనీస్ మాట్లాడే ఊరు కాదు, అయినా హాంకాంగ్‌లో ఆ నమ్మకం ఇంకా ముందే వచ్చి ఉంటుందని నా అనుమానం. ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోవడానికి కూడా ఇంటర్వ్యూలు చేస్తారు. మూడేళ్ల పిల్ల అపరిచితుల ముందు గలగలా మాట్లాడాలి. తల్లి కాళ్ల వెనక నక్కితే సీటు దక్కదేమోనని తల్లిదండ్రుల బెంగ. లిఫ్టులోని ఆ తల్లి అనే "జే" అక్కడ ఎవరికీ వినిపించదు.

కుర్రవాళ్లు ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని "హో షై" అంటారు. మాండరిన్ అంతర్జాలం నుంచి వచ్చిన కొత్త మాటతో సమాజమంటే భయం అనే జబ్బుపేరు కూడా తగిలించుకుంటున్నారు. నిజంగా ఆ బాధ ఉన్నవాళ్లకు ఆ పేరు, దానికి చికిత్సా అవసరమే. వాళ్ల గురించి నేను మాట్లాడటం లేదు. కొత్త మనుషుల ముందు గొంతు తడబడే మామూలు పిల్లలు కూడా తమకేదో రోగం ఉందని చెప్పుకోవడం చూస్తే నాకు దిగులు వేస్తుంది. పా చౌ అనుకుంటే రేపటికి తగ్గవచ్చు. రోగం అనుకుంటే దాన్ని జీవితమంతా మోయాలి. మాట మనిషిని మార్చదు నిజమే. కానీ తనకు జరుగుతున్నదాన్ని మనిషి ఎలా అర్థం చేసుకోవాలో మాటే కదా చెప్పేది.

నోట ఒకటి, కాగితం మీద ఒకటి

హాంకాంగ్‌లో 2021 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 88 శాతం మందికి రోజువారీ భాష కాంటనీస్. బడుల్లో అధికభాగం పాఠం చెప్పేదీ ఆ భాషలోనే. కానీ పిల్లలు రాసేది అది కాదు. రాతకు ప్రామాణిక చైనీస్ ఉంది, దాని వ్యాకరణం, పదజాలం మాండరిన్‌కు దగ్గర. దాన్నే కాంటనీస్ ఉచ్చారణతో చదువుతారు. నోటితో పా చౌ అనే పిల్ల వ్యాసంలో హోయ్ సౌ అని రాయాలి. అందులోనూ సౌ ఉంది, సిగ్గు అనే అర్థమూ ఉంది. భయమూ వికారమూ చూసే కన్నూ మాత్రం పోయాయి.

మా పొరుగింటి అమ్మాయి ప్రాథమిక పాఠశాలలో చదువుతుంది. వేదిక మీద పద్యం చెప్పిన రోజు గురించి వ్యాసం రాసి, అందులో పా చౌ అని రాసింది. ఉపాధ్యాయిని ఎర్ర సిరాతో గీత పెట్టి, పక్కన "నోటిమాట" అని రాసింది. అమ్మాయి నాకు ఆ కాగితం చూపించలేదు, వాళ్లమ్మ చూపించింది. అమ్మాయి సోఫా మూల కూర్చుని మొహం దించుకుంది. తనకు సిగ్గేసిన సంగతి తన మాటలో చెప్పినందుకు ఆ పిల్ల ఇప్పుడు సిగ్గుపడుతోంది. నాకు ఆ సాయంత్రం నిజంగా కోపం వచ్చింది.

ఈ కోపం వెనక తెలుగు ఉంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడకపోయి ఉంటే ఈ వ్యాసం నేను వేరే భాషలో రాయాల్సి వచ్చేది. ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీదికి రాకూడదంటే పిల్లల మనసులో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఆ పోరాటం తెలుగుకు జరిగింది, కాంటనీస్‌కు అలా జరగలేదు. కాంటనీస్ మాట్లాడే దక్షిణ చైనా నగరం గ్వాంగ్‌జౌలో 2010లో అక్కడి టెలివిజన్ ప్రధాన కార్యక్రమాలను మాండరిన్‌లోకి మార్చాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి కాంటనీస్ తరఫున నిలబడ్డారు. అది మాట్లాడే హక్కు కోసం. రాసే హక్కు గురించిన వాదన ఇంకా కొలిక్కి రాలేదు.

ఉపాధ్యాయిని పక్షం కూడా విన్నాను. బడి జాతరలో పరిచయమైనప్పుడు అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పరీక్షలు ప్రామాణిక చైనీస్‌లో ఉంటాయి, నోటిమాట రాస్తే మార్కులు పోతాయి, పేదింటి పిల్లలకు ఆ మార్కులే ఆధారం. బీజింగ్‌లో, తైపేలో, సింగపూర్‌లో ఉన్నవాళ్లూ చదవగలిగే రాత నేర్పడం తన ధర్మం. తానూ ఇంట్లో పా చౌ అనే అంటుంది, ఆ మాట మీద తనకు చిన్నచూపు లేదు. ఇందులో ప్రతి మాటా నిజమే. మన గ్రాంథికవాదులు కూడా ప్రాంతాలన్నిటికీ ఒకే రాత ఉండాలని ఇలాగే వాదించారు, వాళ్లూ చెడ్డవాళ్లు కారు.

అయినా ఆ ఎర్ర గీతను నేను ఒప్పుకోలేను. పరీక్షలో ఏది రాయాలో నేర్పడం వేరు, నీ మాట తప్పు అని గీత కొట్టడం వేరు. పక్కన "పరీక్షలో హోయ్ సౌ అని రాయి" అని ఉంటే చాలు. పా చౌ రాయడానికి కావలసిన అక్షరాలు కొత్తవి కూడా కావు, రెండూ నిఘంటువులో ఉన్నవే. సంభాషణల్లో అయినా ఆ మాటను ఉంచనిస్తే కథలో పిల్లలు పిల్లల్లా మాట్లాడతారు. ఇక్కడి పత్రికలు, ప్రకటనలు, నవలలు సంభాషణల్లో వాడుక కాంటనీస్‌ను ఎప్పటి నుంచో రాస్తూనే ఉన్నాయి. ఫోనుల్లో సందేశాలు చాలావరకు దానిలోనే నడుస్తాయి. బడి ఒక్కటే దూరంగా నిలబడింది.

ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ల అమ్మమ్మకు ఫోనులో సందేశాలు పంపుతుంది. మొన్న నాకు ఒకటి చూపించింది. వచ్చే నెల బడిలో మళ్లీ పద్యం చెప్పాలట, పా చౌగా ఉందట. అమ్మమ్మ జవాబు ఒక్క వరుసే: పా మత్ చౌ జే.